గోడ దాకా గొంతు

జూన్ 3, బుధవారం

ఈ రోజు మొదటి వింత: అబ్బులు మావయ్య పాత సామాన్ల కొట్టు ముందు, బల్లకట్టు మీద, నోళ్ళు తెరుచుకున్న పెట్టెలు కుప్పగా పడి ఉన్నాయి.

నేను బిందె పట్టుకుని మంచినీళ్ళ పడవ దగ్గరికి వెళ్తున్నాను. నీళ్ళలో స్తంభాల మీద బల్లకట్లు పరిచి కట్టిన మా స్తంభాలపేటకి ఆ పడవ పొద్దున్నే వస్తుంది. ఆలస్యమైతే అడుగున మట్టినీళ్ళే దొరుకుతాయి. అయినా ఆగిపోయాను. కొన్ని చెక్క పెట్టెలు, కొన్ని ఇనప గొట్టాలు. గొట్టాలు ఉమ్మెత్త పువ్వుల్లా ఒక చివర సన్నగా మొదలై రెండో చివర విచ్చుకుని ఉన్నాయి. పెట్టెల్లో నల్లటి అట్ట గిన్నెలా లోపలికి వంగి ఉంది.

"మావయ్యా, ఇవేంటి? వంటకా?"

"వంటకైతే మీ అమ్మకి చెబుదును, నీకెందుకు? లౌడ్ స్పీకర్లే. పైనూళ్ళో ఎవరిదో గోడౌను ఖాళీ చేశారంట, తూకానికి కొన్నాను. అట్ట పీకి అయస్కాంతం అమ్ముకోవడమే."

"ఏం చేసేవి ఇవి?"

"మాట్లాడేవి."

"ఎవరితో?"

మావయ్య కాసేపు గెడ్డం గోక్కున్నాడు. "అందరితోనూ. ఒకేసారి."

దారి పొడవునా ఆ మాటే ఆలోచించాను. అమ్మా నేనూ ఒకే చాప మీద కూర్చున్నా, అమ్మ చెవి గింజలో చేపల ధరలు, నా చెవి గింజలో పాఠం. ఎదురుగా మాట్లాడే మనిషి గొంతు తప్ప మిగతాదంతా గింజ తుడిచేసి ఇస్తుంది. చెవులు కుట్టి గింజ పెట్టిన రోజు నుంచీ అంతే. మరి అందరి చెవుల్లోనూ ఒకేసారి ఒకే మాట పడితే ఎలా ఉంటుంది?

మా తెలుగు టీచరు సెలవుల్లో ఇలా తేదీ వేసి రాయమన్నారు. అప్పటిదాకా వాడని మాట ఒకటైనా ఉండాలన్నారు. నా దగ్గర అట్టలేని నిఘంటువు ఒకటుంది, అదీ మావయ్య కొట్టులోదే. ఈ రోజు మాట "సవ్వడి". అర్థం చూస్తే "చప్పుడు" అని ఉంది. "చప్పుడు" చూస్తే "సవ్వడి" అని ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూపించుకుని ఊరుకున్నాయి.

జూన్ 5, శుక్రవారం

అక్క ఉత్తరం మళ్ళీ చదివాను. పోయిన పడవలో వచ్చింది.

మా అక్క పేరు సత్యవేణి. గోడ మీద పనిచేస్తుంది. మా పేటకి తూర్పున, సముద్రం మధ్యలో, నీటిలో కరెంటు పెట్టి రాయిని గోడలా పెంచుతున్నారు. ఆ గోడే లేకపోతే మా స్తంభాలు ఒక్క తుఫానుకి నిలవవు. కరెంటు దగ్గర చెవిలో గింజ ఉంటే తల పగిలిపోతుందట. అందుకే గోడకి వెళ్ళేవాళ్ళు గింజ తీయించుకుని వెళ్తారు. గింజ ఉన్నవాళ్ళని అక్కడికి రానివ్వరు. అక్క వెళ్ళి రెండేళ్ళు. కాగితం మీద ఉత్తరాలు తప్ప మా మధ్య ఇంకేం లేదు.

ఉత్తరంలో ఇలా రాసింది: "ఇక్కడ అలల మీదుగా అందరం అరుచుకుంటాం. అరుపులున్నాయి, గొంతులు లేవు. నిన్న అమ్మ గొంతు గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. మొహం వచ్చింది, చేతులు వచ్చాయి, గొంతు రాలేదు. జూన్ నెలాఖరుకి నా గడువు అయిపోతుంది. ఇంటికి రావాలంటే మళ్ళీ గింజ పెట్టించుకోవాలి. నిలుస్తానని రాసిస్తే ఇక ఎప్పటికీ ఇక్కడే. ఏం రాయాలో తెలియట్లేదు చిన్నీ."

ఉత్తరం వచ్చిన రోజు అమ్మ అంతా విని, "దాని ఇష్టం" అంది. తర్వాత బల్లకట్టు కిందికి దిగి స్తంభాలకి పట్టిన గవ్వలు గీకడం మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒకే స్తంభాన్ని గీకింది.

ఈ రోజు మావయ్య కొట్టుకి వెళ్ళి అడిగాను. "అమ్మ గొంతు ఆ పెట్టెలో పెట్టి అక్కకి పంపొచ్చా?"

ఆయన చేతిలో అప్పటికే సుత్తి ఉంది, పెట్టె పగలగొట్టడానికి. దాన్ని కింద పెట్టాడు.

"గోడవాళ్ళకి గింజ లేదు," అన్నాను. "పెట్టెకి గింజ అక్కర్లేదు."

"చదువు నీకు బానే అబ్బుతోంది చిన్నీ," అన్నాడు. "అయితే ఆ అయస్కాంతాలు నెలాఖరుదాకా అమ్మను. పని మాత్రం నువ్వే చెయ్యాలి. నేను కూర్చుని తప్పులు పడతాను."

జూన్ 8, సోమవారం

మంచి పెట్టె ఒకటి ఎంచుకున్నాం. దాని అట్ట చుట్టూ ఉన్న స్పాంజి ముట్టుకుంటే పొడైపోయింది. దాని బదులు తెప్ప ట్యూబు రబ్బరు గుండ్రంగా కోసి అతికించాను. అట్ట చిరుగులకి అమ్మ పాత చీర పేలిక గంజిలో ముంచి పరిచాను. చీర ఏదని అమ్మ అడగలేదు, చూసి ఊరుకుంది. వెనక ఉన్న రాగితీగ చుట్ట ఒకచోట తెగి ఉంటే విప్పి మళ్ళీ చుట్టాను. ఒక్క తీగ మీద తీగ ఎక్కితే మొత్తం విప్పించాడు మావయ్య. తప్పులు పట్టడంలో ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

మధ్యాహ్నం బ్యాటరీ తగిలించి చూశాం. అట్ట ముందుకి ఒక్క గెంతు గెంతింది. నేనూ గెంతాను. పెట్టెలతో పాటే వచ్చిన మైకు తగిలించి "అక్కా" అన్నాను.

ఏమీ రాలేదు.

అట్ట మీద వేళ్ళు ఆనించి మళ్ళీ "అక్కా" అన్నాను. వేళ్ళ కింద అట్ట వణికింది. పిట్టని పట్టుకున్నట్టుంది. మాట చేతికి తెలుస్తోంది, చెవికి తెలియట్లేదు.

"శక్తి చాలట్లేదు," అన్నాడు మావయ్య. "పాతకాలం వాళ్ళ చెవులు పెద్దవై ఉంటాయి. ఈ కాస్త వాళ్ళకి సరిపోయేదేమో."

"చెవులు పెద్దవా?"

"ఫోటోలు చూడలేదా? చెవుల్నిండా జుట్టుండేది మా తాతకి."

ఈ రోజు మాట "మార్దవం". మావయ్య దగ్గర దొరకనిది.

జూన్ 10, బుధవారం

గోడ నుంచి పడవ వచ్చింది. అది రెండు వారాలకోసారి బుధవారం వస్తుంది, మర్నాడు సామాన్లతో తిరిగి వెళ్తుంది. నడిపేది గంగరాజు. ఆయనకీ గింజ లేదు. అందుకే మనిషి ఎదురుగా నిలబడ్డా అరిచినట్టే మాట్లాడతాడు. పేటలో చాలామందికి ఆయనంటే చిరాకు. రాత్రి పేటలో పడుకోనివ్వరు కూడా. తుఫాను కబురు గింజలోనే వస్తుంది, కబురు అందని మనిషిని లేపి దాటించే బాధ్యత ఎవరిదని వార్డు కట్టుబాటు. ఆయన పడవని నీళ్ళ నడిమధ్యలో లంగరు వేసుకుని అందులోనే పడుకుంటాడు.

అక్క ఉత్తరం ఇచ్చాడు. ఇంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. "బాగున్నాను. నిలుస్తాననే అనుకుంటున్నాను. మళ్ళీ పడవ వచ్చేటప్పటికి ఖాయంగా రాసి పంపుతాను. అమ్మకి నువ్వే చెప్పు."

మళ్ళీ పడవ అంటే ఇరవై నాలుగు.

గంగరాజు నా మొహం చూసి "ఏం రాసింది తల్లీ" అని అరిచాడు. చెడ్డ కబురు తెచ్చినవాడే అలా అడిగితే ఒళ్ళు మండింది. జవాబు చెప్పకుండా వచ్చేశాను.

అమ్మకి చెప్పలేదు. చెబితే మళ్ళీ స్తంభాలు గీకుతుంది.

జూన్ 14, ఆదివారం

పెట్టెలు మూడు బాగుచేశాం. మూడూ చేతికి మాట్లాడుతున్నాయి, చెవికి మూగవే. ఇక గొట్టాలే దిక్కు అన్నాడు మావయ్య. గొట్టం లోపల కందిరీగలు మట్టితో గూడు కట్టుకుని ఉన్నాయి. తడిపి, పుల్లతో గీకి, కడిగి ఎండబెట్టాను. లోపలి రేకు పొర ఉల్లిపొరంత పల్చన. అది నలిగితే మళ్ళీ దొరకదని మావయ్య ఊపిరి బిగబట్టి తనే బిగించాడు.

గొట్టం మూతి కొట్టు గుమ్మంలో పట్టలేదు. అందుకని డాబా మీదే వాసానికి కట్టాం. మూతి ఎటు తిప్పాలని ఆలోచన కూడా రాలేదు. మెట్లు పడమటి వైపు ఉన్నాయి, ఎక్కేవాళ్ళ తలకి తగలకుండా సముద్రం వైపు తిప్పాం.

గాలిచక్రం రాత్రంతా తిరిగి తెల్లారేసరికి బ్యాటరీ నింపుతుంది. కాబట్టి పరీక్ష ఎప్పుడూ పొద్దున్నే. నేను కింద కొట్టులో మైకు ముందు కూర్చుని నిఘంటువు తెరిచి వరసగా చదివాను. "అలజడి. అలికిడి. అలుకు." మావయ్య పైన గొట్టం పక్కన, గుమ్మంలోంచి నాకు కనిపించేలా నిలబడి చెయ్యి అడ్డంగా ఊపాడు. లేదు.

మావయ్య దిగొచ్చేసరికి పక్క బల్లకట్టు మీంచి సూరాయమ్మ గారు వచ్చారు. ఆవిడ మా వార్డు మెంబరు. మా అమ్మ పుట్టకముందు నుంచీ బాతులు పెంచుతున్నారట.

"ఏటి అబ్బులూ, పొద్దున్నే ఏం తగలేత్తన్నావు? నా బాతులన్నీ ఒక్కసారి నీళ్ళలో పడి అయిపూ జాడా లేకుండా పోయినియ్యి. గుడ్లెట్టే వేళకి ఇలా బెదిరితే ఎలా?"

"నేనేం తగలెయ్యలేదండి. తుప్పు గోకుతున్నాం."

"తుప్పు కంపుకే పోయుంటాయి. మూత పెట్టుకుని గోక్కో."

బాతులకి వాసన అంతలా తెలుస్తుందని నాకు తెలియదు. రాసి పెట్టుకున్నాను.

జూన్ 17, బుధవారం

ఒక గొట్టం చాలలేదని రెండోది, రెండోది చాలలేదని మూడోది కట్టాం. మావయ్య బ్యాటరీకి బ్యాటరీ జోడించాడు. రోజూ పొద్దున్నే నేను చదువుతున్నాను, రోజూ పైనుంచి చెయ్యి అడ్డంగానే ఊగుతోంది.

ఎలాగూ వినపడనప్పుడు మాటలకి అర్థాలు చదవడం దేనికని, నిన్నటి నుంచి అక్కతో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను. పరీక్షకి ఏ మాటైతేనేం. నీ నీలం పరికిణీ నేను వేసుకుంటున్నానని చెప్పాను. కొక్కేనికి తగిలి అంచు చిరిగిందని, నువ్వొచ్చేలోగా అదే రంగు దారం దొరక్కపోతే నీకు ఎప్పటికీ చెప్పనని కూడా చెప్పాను. అమ్మ ఇప్పటికీ అన్నం మూడు కంచాల్లో పెట్టి, మూడోది తీసి మళ్ళీ గిన్నెలో వేస్తుందని చెప్పాను. ఆ మొసలి మొహం గంగరాజు నీ ఉత్తరం తెచ్చినప్పుడల్లా దాన్ని లాక్కుని సముద్రంలోకి విసిరేయాలనిపిస్తుందని చెప్పాను.

మనసు తేలికైంది. చెవులే లేని పెట్టెకి చెప్పుకోవడంలో ఒక సుఖం ఉంది.

సాయంత్రం అమ్మని అడిగాను, ఒక్కసారి మైకులో మాట్లాడమని.

"రేకుతో నేనేం మాట్లాడతానే? అది పలికితే అప్పుడు చూద్దాం," అంది అమ్మ. తర్వాత చాలాసేపటికి, కూర తరుగుతూ, "ఏం మాట్లాడాలి?" అని అడిగింది.

"ఏదైనా. నీ గొంతే కావాలి."

"ఏదైనా అంటే ఏదీ రాదు," అంది.

సూరాయమ్మ గారు మళ్ళీ వచ్చి వెళ్ళారు. ఈసారి ఖాళీ బుట్ట తెచ్చి మావయ్య ముందు బోర్లించి చూపించి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత మావయ్య ఇక తుప్పు గోకలేదు.

జూన్ 21, ఆదివారం

మావయ్య చేతులెత్తేశాడు.

"ఇవి మాట్లాడేవన్నది పాతవాళ్ళ గొప్పలేమో చిన్నీ. ఇంత కరెంటు పోస్తే రాయైనా పలకాలి. ఎల్లుండి నుంచి పెట్టెలు విప్పేద్దాం. గొట్టాలు తర్వాత."

మెంబరు గారు కూడా వార్డు తరఫున గట్టిగానే చెప్పారట. బాతులు గుడ్లు పెట్టకపోతే కొట్టు మూయిస్తానని. మావయ్య బతుకు ఆ కొట్టే.

ఆఖరుసారి అని మైకు ముందు కూర్చున్నాను. మావయ్య పైకి కూడా ఎక్కలేదు. నిఘంటువు మూసేశాను.

"అక్కా, నీకు రావాలని లేకపోతే రావద్దు," అన్నాను. "నీకు అమ్మ గొంతు గుర్తు రావట్లేదన్నావు. నాకు నీ గొంతు గుర్తు రావట్లేదు. నా చెవిలో గింజ ఉంది, అందులో లోకంలో ఉన్నవన్నీ వస్తాయి, నువ్వు మాత్రం రావు. నీ ఉత్తరాలు నా గొంతుతోనే చదువుకుంటున్నాను. అందుకే అన్నీ నేనే రాసుకున్నట్టుంటాయి. నువ్వు నిలిచిపోతే ఇక జీవితమంతా అంతే కదా అనిపిస్తుంది."

తర్వాత మీట ఆపేశాను. ఈ రోజు కొత్త మాట ఏదీ వెతకలేదు.

జూన్ 23, మంగళవారం

ఇది వరసగా రాయాలి.

పొద్దున్న డాబా మీద కూర్చుని పెట్టెల్లోంచి అయస్కాంతాలు విప్పుతున్నాను. ఒకటి ఊడి వచ్చింది, రొట్టంత ఉంది. చెమట తుడుచుకుందామని దాన్ని పట్టుకున్న చేత్తోనే మొహం మీది జుట్టు వెనక్కి తోశాను. అది నా ఇనప జడపిన్నుని పట్టేసింది. చెవి వెనక అతుక్కుపోయింది.

లోకం విరుచుకుపడింది.

మొదట తుఫాను అనుకున్నాను. ఆకాశం చూస్తే తెల్లగా ఉంది. నాలుగు వైపుల నుంచీ, కింద నుంచీ, ఆగకుండా, పెద్దగా. అది సముద్రం. సముద్రానికి గొంతుంది. నేను పుట్టినప్పటి నుంచీ దాని మీదే నిద్రపోతున్నాను, నాకు తెలియదు. నిఘంటువులో "హోరు" అన్న మాట ఉంటే దాని అర్థం "సముద్రపు మోత" అని చదివి పేజీ తిప్పేశాను. దాని కింద సన్నగా స్తంభాలకి నీళ్ళు తగిలే సవ్వడి. అవును, సవ్వడి. మొదటి రోజు దొరకని అర్థం కాళ్ళ కిందే ఉంది.

ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియలేదు. అప్పుడు నా తల పక్కనుంచి, ఆకాశమంత పెద్ద గొంతుతో, అబ్బులు మావయ్య మాట్లాడాడు.

"ఈ తీగ ఇక్కడెవరు పెట్టారు... చెయ్యి తగిలి మీట పడినట్టుంది... ఈ పిల్ల ఒకటి, అన్నీ వదిలేసి పోద్ది..."

మావయ్య కింద కొట్టులో ఉన్నాడు. మైకు పక్కన పెట్టుకుని గొణుక్కుంటున్నాడు. ఆ గొణుగుడు నా పక్కనున్న మూడు గొట్టాల్లోంచి సముద్రం మీదికి పోతోంది. పక్క బల్లకట్టు మీద బాతులు కట్టగట్టుకుని నీళ్ళలోకి దూకాయి. ఆ దూకిన చప్పుడూ విన్నాను. వాటి అరుపులూ విన్నాను.

అయస్కాంతం పీకేశాను. అంతా తుడుచుకుపోయింది. గొట్టాలు మూగవి, సముద్రం మూగది, బాతులు నోళ్ళు తెరుస్తూ మూస్తూ. మళ్ళీ చెవి వెనక పెట్టాను. మళ్ళీ వచ్చింది.

పరుగున దిగి మావయ్యని పైకి లాక్కొచ్చి, ఒక్క మాటా చెప్పకుండా ఆయన చెవి వెనక అయస్కాంతం ఆనించాను. ఆయన కూర్చుండిపోయాడు. గొట్టాల వైపు చూస్తూ అన్నాడు.

"అయస్కాంతం ఆనితే గింజ పడుకుంటోంది. ఇన్నాళ్ళూ అదే తుడిచేసింది. ఎదుట మనిషి లేని గొంతు కదా, రొద అనుకుంది." తర్వాత తల పట్టుకున్నాడు. "మూడు గొట్టాలు కట్టాం కదే. రెండు బ్యాటరీలు."

"పాతకాలం వాళ్ళ చెవులు పెద్దవన్నావు."

"నోర్ముయ్యి."

గొట్టాలు మొదటి రోజు నుంచే పలుకుతున్నాయి. వినని వాళ్ళం మేమే. గింజ లేని బాతులు రోజూ వచ్చి చెబుతూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చేదాకా ఈ సంతోషమే. అన్నం ముందు కూర్చున్నాక, మూడో కంచం చూశాక, తట్టింది. గొట్టాల మూతులు తూర్పుకి ఉన్నాయి. తూర్పున గోడ ఉంది. పొద్దున పూట గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. గోడ మీద ఒక్కరికీ గింజ లేదు.

పరికిణీ. మూడో కంచం. మొసలి మొహం.

జూన్ 24, బుధవారం

గంగరాజు పడవ కట్టి తిన్నగా మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారూ," అని అరిచాడు, "మొసలి మొహం వచ్చాడని మీ చిన్నమ్మాయికి చెప్పండి."

నేను తలుపు వెనక దాక్కున్నాను. అమ్మకి ఏమీ అర్థం కాక ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగుతూ నవ్వుతున్నాడు. "ఉత్తరం నీళ్ళలోకి విసరకమ్మా, ఇది పెద్దది," అని నా చేతికిచ్చాడు. నిజంగానే పెద్దది. అమ్మకి వినపడేలా చదివాను.

"చిన్నీ, మొదటి రోజు నాకు పిచ్చి పట్టిందనుకున్నాను. అలికిడి, అలజడి అని సముద్రం చదువుతోంది. పక్కన పనిచేసేవాళ్ళని అడిగాను, వాళ్ళకీ వినపడుతోంది. ఆ తర్వాత పొద్దున్నే పని ఎవరూ మొదలుపెట్టట్లేదు. గోడ అంచున వరసగా కూర్చుంటున్నాం. నీ నీలం పరికిణీ సంగతి గోడ మొత్తానికి తెలుసు. దారం ఒకావిడ ఇచ్చింది, ఇందులో పెట్టాను, రంగు సరిపోతుందో లేదో చూడు.

"ఆదివారం నువ్వు చెప్పింది విన్నాను. మర్నాడు పొద్దున్న నీ గొంతు రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేను నిలిచిపోతే ఏం అవుతుందో.

"కానీ గింజ మాత్రం పెట్టించుకోను. పెట్టుకుంటే ఇవేవీ వినపడవు కదా. గింజ లేని మనిషికి పేటలో చోటు లేదు. అందుకే గడువు కాగితం మీద ఏమీ రాయకుండా ఉంచాను. ఖాళీ చెవితో వస్తే పడుకోవడానికి చోటుంటుందా? గురువారం పొద్దున్న మళ్ళీ అలాగే చెప్పు. గోడ అంచున ఉంటాను. ఇంకొకటి. అమ్మ ఒక్కసారి మాట్లాడుతుందేమో అడుగు."

మంగళవారం మావయ్య గొణుగుడు వాళ్ళు వినే ఉంటారు. ఉత్తరం ముందే కవర్లో పెట్టి ఉంటుంది.

అమ్మ ఉత్తరం తీసుకుని, చదవకుండా, దారం ఉండ ఒక్కటీ కొంగు చివర ముడి వేసుకుంది. "సూరాయమ్మ గారి దగ్గరికి పద," అంది. అమ్మ ఆవిడ గడప తొక్కడం నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు.

దారిలో మావయ్యనీ వెంటబెట్టుకుని వెళ్ళాం. మెంబరు గారు బాతుల గూడు ముందు కూర్చుని ఉన్నారు. నేను చెప్పాల్సింది దారంతా కూర్చుకున్నాను. గొట్టం గోడ దాకా వినపడితే పేటంతా వినపడుతుంది, తుఫాను కబురు గింజ లేనివాళ్ళకి గొట్టంలో చెప్పొచ్చు, అప్పుడు కట్టుబాటుకి భంగం ఉండదు అని. సగం చెప్పేసరికి ఆవిడ చెయ్యెత్తారు.

"ఆ గొట్టమేనా నా బాతుల్ని బెదరగొట్టింది?"

"ఆయ్," అన్నాడు మావయ్య వెనకనుంచి, చాలా చిన్నగా.

"మరి నాకేం వినపడలేదే?"

అయస్కాంతం తీసి, "ఒక్కసారి తల ఇటు వంచండి" అని ఆవిడ చెవి వెనక ఆనించాను.

బాతులు మేత కోసం కొట్లాడుకుంటున్నాయి. సూరాయమ్మ గారి మొహం ఒక్కసారి ఖాళీ అయింది. ఎవరో పిలిచినట్టు వాటి వైపు తిరిగారు. ఒకటి మెడ చాచి ఆవిడ కాళ్ళ దగ్గర అరిచింది. ఆవిడ దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇయ్యి ఇంతలా మాట్లాడతాయా," అన్నారు. "ఇన్నేళ్ళూ నా మొహాన మాట్లాడతానే ఉన్నాయా."

అయస్కాంతం పట్టుకున్న నా చెయ్యి నొప్పెట్టింది. అయినా తీయలేదు. ఆవిడే చాలాసేపటికి నా మణికట్టు పట్టుకుని దింపారు.

"రమ్మను మీ అక్కని," అన్నారు అమ్మ వైపు చూడకుండా. "గంగరాజుని కూడా ఇక ఒడ్డున పడుకోమను, ఆ పడవలో దోమలకి మేతైపోతన్నాడు. తుఫాను కబురు గొట్టంలో చెప్పే పూచీ అబ్బులుది. ఒక్కటే మాట. గుడ్లు ఏరేదాకా ఆ గొట్టం నోరెత్తకూడదు. నేను ఏరేసి బుట్ట పైకెత్తి చూపిత్తాను. అప్పుడే."

తిరిగి వస్తుంటే అమ్మ అడిగింది, "ఏం మాట్లాడాలే?"

"చిన్నప్పుడు అన్నానికి ఎలా పిలిచేదానివి?"

"గింజలో పిలిచేదాన్ని. మెల్లగా."

"గింజలు పెట్టకముందు?"

అమ్మ నడక ఆగింది. చెవులు కుట్టకముందు అక్క బల్లకట్టు చివర ఆడుకుంటుంటే, అమ్మ గుమ్మంలోంచి గొంతెత్తి పిలిచేదట. ఏమని పిలిచేదో పెదాలతో అని చూసుకుంది. నాకు వినపడనివ్వలేదు.

రేపు పొద్దున్న గాలిచక్రం ఆగకముందే అమ్మ లేవాలి. రెండు అయస్కాంతాలు తలగుడ్డల్లో కుట్టి ఉంచాను, అమ్మకొకటి, నాకొకటి. అమ్మ ముందుగా సముద్రాన్ని వినాలి, లేకపోతే ఎంత గొంతెత్తాలో తెలియదు. మావయ్య గొట్టం మూతి తూర్పుకి సరిగ్గా తిప్పి కడతానన్నాడు. అక్కకి చోటుందని చెప్పే మాట కూడా నేను చెప్పను. అమ్మ పిలిస్తే చాలు. మైకు అమ్మ ముందు పెట్టి, నేను డాబా మీద నిలబడి పక్క బల్లకట్టు వైపు చూస్తుంటాను. సూరాయమ్మ గారు బుట్ట పైకెత్తగానే చెయ్యి ఊపుతాను, ఈసారి పైకీ కిందకీ.